కాలేజీ ఫుట్‌బాల్‌లో ప్లే-కాలింగ్ బాగుందో లేదో లెక్కగట్టేదెలా?

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒక జట్టు అఫెన్సివ్ కోఆర్డినేటర్ (దాడిలో ఏ ప్లే ఆడాలో నిర్ణయించే, అంటే ప్లే-కాలింగ్ చేసే కోచ్) పనితీరును 12 మ్యాచ్‌ల ప్లే-బై-ప్లే (ఒక్కో ప్లే వివరాలున్న) డేటాతో ఎక్సెల్‌లో అంచనా వేస్తున్నాను. 10 గజాలు ముందుకెళ్లడానికి జట్టుకు నాలుగు ప్రయత్నాలు (డౌన్లు) ఉంటాయి. ఇంకా కావాల్సిన గజాల్లో ఫస్ట్ డౌన్‌లో 50 శాతం, సెకండ్‌లో 70, థర్డ్, ఫోర్త్ డౌన్లలో 100 వస్తే ఆ ప్లే సక్సెస్. నాలుగో క్వార్టర్‌లో తేడా 21 పాయింట్లు దాటాక ఆడినవి తీసేశాను. కాలేజీ లెక్కల్లో శాక్‌లు (పాస్ విసిరే ఆటగాడిని విసిరేలోపే పడగొట్టడం) రన్నింగ్ ఖాతాలో పడతాయి (మొదట్లో ఇదే బాగా తికమక పెట్టింది), వాటిని పాసింగ్‌లోకి మార్చాను. ప్రత్యర్థి డిఫెన్స్ బలాన్ని బట్టి కూడా సర్దాను.

అయినా చిక్కు తీరలేదు. థర్డ్ అండ్ 8లో (మూడో డౌన్, ఇంకా 8 గజాలు కావాలి) రిసీవర్ (పాస్ అందుకునే ఆటగాడు) చుట్టూ ఎవరూ లేరు, బంతి చేతుల్లో పడి జారిపోయింది. కాల్ సరైనదే, నా షీట్‌లో మాత్రం ఫెయిల్. దీనికి కోచ్‌ను తప్పుపట్టడం అన్యాయం.

ప్రతి ప్లే వీడియో చూడకుండా, ఈ డేటాతోనే ఆటగాళ్ల పొరపాట్లను కోచ్ నిర్ణయాల నుంచి విడదీసే పద్ధతి ఏదైనా ఉందా?