వేల్స్ వాళ్ల ‘గుయిల్’, మన జాగారం

మార్చి 1న బ్రిటన్‌లో భాగమైన వేల్స్‌లో పునీత డేవిడ్ పండుగ. 6వ శతాబ్దంలో మఠాలు కట్టించిన బిషప్పు ఆయన, ఆ దేశానికి పాలక పునీతుడు. వెల్ష్ భాషలో ఆ రోజును ‘డీద్ గుయిల్ డెవి’ అంటారు. డీద్ అంటే రోజు, డెవి అంటే డేవిడ్. నన్ను పట్టుకున్నది మధ్యలో ఉన్న ‘గుయిల్’.

ఇప్పుడు దాని అర్థం పండుగే, కానీ పుట్టింది లాటిన్ ‘విజిలియా’ నుంచి, అంటే నిద్రపోకుండా మేలుకుని ఉండటం, అచ్చంగా మన జాగరణ. పాతరోజుల్లో చర్చి పండుగలకు ముందు రాత్రంతా ప్రార్థనలతో మేలుకునేవారు, ఆ రాత్రి పేరే పోయిపోయి పండుగకు స్థిరపడింది. దీని బహువచనం ‘గుయిల్యై’ అంటే సెలవులు, ‘గుయిలియో’ అంటే చూడటం, టీవీ చూడటానికి కూడా అదే మాట! మనకు శివరాత్రి పేరులో రాత్రి ఉంది గానీ, జాగారం అన్న మాట పండుగ అనే అర్థానికి ఎప్పుడూ జరగలేదు. 2022లో ఈ రెండు పండుగలూ ఒకే రోజు, మార్చి 1నే వచ్చాయి.

ఇంతా చేసి వేల్స్‌లో ఆ రోజు ప్రభుత్వ సెలవు కాదు. 2000లో అక్కడి అసెంబ్లీ ఏకగ్రీవంగా అడిగినా రాలేదు. నాకైతే ఇది అన్యాయం అనిపిస్తుంది.

కామెంట్లలో:

— ఆ రోజు ఉల్లికాడ లాంటిదేదో తగిలించుకుంటారు కదా అన్నా, అదేంటి?

— అది లీక్ అమ్మా, మన ఉల్లి జాతిదే. సాక్సన్లతో యుద్ధంలో తమవాళ్లను గుర్తుపట్టడానికి పెట్టుకున్నారని కథ. వెల్ష్‌లో ‘కెన్‌హినెన్’. చాలామంది పెట్టుకునే పసుపు డాఫొడిల్ పువ్వు పేరు ‘కెన్‌హినెన్ బెడ్ర్’, అంటే పేతురు లీకు. మనం తెల్లగా ఉందని వెల్ల, ఉల్లి కలిపి వెల్లుల్లి అన్నట్టు, వాళ్లూ తెలిసిన మాటకే ఇంకోటి తగిలించారు.

— బడుల్లో ఆ రోజు పాటలు, పద్యాల పోటీలు పెడతారు, ‘ఐస్టెద్‌వొద్’ అంటారు. అందులో ‘ఐస్టెద్’ అంటే కూర్చోవడం. మన ‘సదస్సు’లోని సంస్కృత ధాతువు ‘సద్’ కూడా కూర్చోవడమే, రెండూ ఒకే మూలం నుంచి వచ్చినవే.

— ఇది నాకు తట్టనే లేదండీ, చాలా బాగుంది! ఇంతకీ మీ వైపు జాగారం ‘ఉంటారా’, ‘చేస్తారా’? ఊరి పేరుతో పాటు రాయండి.