గంజాయి కేసు అప్పీలు: ఉప్పందించినవాణ్ణి బయటికి లాగాలా? (గట్టుమీద, లంకవకీలు, కాలవగట్టు అనే పేర్లతో ముగ్గురి చర్చ)

గట్టుమీద: రావులపాలెంలో అద్దె గదిలో రాత్రిపూట 21 కిలోలు దొరికాయన్న కేసు అనుకోండి. 10 ఏళ్లు, లక్ష జరిమానా పడ్డాయి. బేరమాడి డబ్బిచ్చినవాడు పోలీసు ఇన్ఫార్మరే, కానీ అతన్ని సాక్షిగా పిలవలేదు. హైకోర్టులో మొదటి పాయింటు ఇదే కావాలని నా వాదన.

లంకవకీలు: కాకూడదండి. ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం 68వ సెక్షన్ ప్రకారం సమాచారం ఎవరిచ్చారో చెప్పమని అధికారిని నిలదీయలేం. 42వ సెక్షన్‌తో (వారంటు లేకుండా గదిలో, ఇంట్లో సోదా చేసే నియమాలు) మొదలుపెట్టండి. ఉప్పందగానే కాగితం మీద పెట్టాలి, 72 గంటల్లో పైఅధికారికి నకలు పంపాలి. చీకటిపడ్డాక వారంటు లేకుండా వెళ్తే కారణాలు రాసుకోవాలి. కర్నైల్ సింగ్ తీర్పు (2009) ప్రకారం ఆలస్యానికి సరైన సంజాయిషీ ఉంటే చెల్లుతుంది, అసలు రాయకపోతే చెల్లదు. జీడీ (స్టేషన్ జనరల్ డైరీ) ఎంట్రీ టైమూ, నకలు అందినట్టు సంతకమూ పక్కపక్కన పెట్టి చూడండి. అదే బస్టాండులో పట్టుకుంటే 43వ సెక్షన్ (బహిరంగ స్థలంలో సోదా) వస్తుంది, 42 వాదన నీరుగారిపోతుంది.

గట్టుమీద: 68 గొడుగు ఉప్పందించినవాడికి, కొన్నవాడికి కాదు. బేరం చూసినవాడు ప్రత్యక్ష సాక్షి. అతన్ని దాచారంటే ప్రాసిక్యూషన్‌కి ప్రతికూలంగా ఊహించమని అడగొచ్చు.

లంకవకీలు: అడగొచ్చు, ట్రయల్లో ఐవోని (దర్యాప్తు అధికారిని) క్రాస్‌లో (ఎదురు ప్రశ్నల్లో) ఆ మాట అడిగి ఉంటే. ఒక్క సజెషన్ (‘ఇలా జరిగింది కదా’ అన్న ప్రశ్న) కూడా లేకుండా అప్పీల్లో కొత్తగా ఎత్తితే గాల్లో మేడే. డెకాయ్‌ని (కొనేవాడిలా నటించేవాణ్ణి) పంపడం తప్పు కాదు కనుక, ‘వల పన్నారు’ అన్నంత మాత్రాన శిక్ష పోదు.

కాలవగట్టు: ఇద్దరూ తూకం మరిచారు! గంజాయి అంటే చట్టంలో పూత, కాత ఉన్న కొసలే. అవి లేకుండా విడిగా ఉన్న ఆకులూ గింజలూ లెక్కలోకి రావు. మధ్యవర్తుల నివేదికలో (పంచనామాలో) ‘గోనెసంచితో సహా’ అని ఉందా? మధ్యవర్తిగా ఉన్న వీఆర్వో క్రాస్‌లో ఏం ఒప్పుకున్నాడు? 20 కిలోలు దాటితేనే కనీసం 10 ఏళ్లు. దాటకపోతే గరిష్ఠం 10 ఏళ్లే, కనీసం లేదు. సంచి, కాడలు పోగా 21 ఎంత మిగులుతుందో చూడండి.

శాంపిల్ సంగతీ అంతే. అదే చట్టం 52ఏ సెక్షన్ ప్రకారం అది మేజిస్ట్రేటు ఎదుట తీయాలి, గది దగ్గరే తీసి సీలేస్తే లోపమే. కానీ 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఆ లోపం ఒక్కటే కేసును కూల్చదంది. మాల్ఖానా (పట్టుకున్న సరుకు దాచే గది) రిజిస్టరూ, ల్యాబ్‌కి చేరిన సీలూ కలవకపోతేనే పట్టు దొరుకుతుంది.

గట్టుమీద: సరే, తూకం ముందు, 42 తర్వాత. క్రాస్‌లో పునాది ఉంటే ఇన్ఫార్మర్ మూడోది.

లంకవకీలు: ఆయ్, అది బాగుంది. గడువు 60 రోజులు, తీర్పు నకలుకు పట్టిన రోజులు తీసేస్తారు. వకీలు లేకపోతే రాజమండ్రి జైలు సూపరింటెండెంట్ ద్వారా జైలు అప్పీలు పంపొచ్చు. శిక్ష నిలుపుదల పిటిషన్ విడిగా వేయాలి. 20 కిలోలు దాటిన కేసులో 37వ సెక్షన్ (బెయిలుకు కఠిన షరతులు) అడ్డుపడుతుంది, అందుకే అక్కడా తూకం మాటే ముందు ఎత్తండి.