రాణి ముందు ‘పడుకోవాలి’ అనొచ్చా?

— డిగ్రీలో మా చరిత్ర మాస్టారు చెప్పిన వాక్యం నాలుగు రోజులుగా వదలడం లేదు. 1603 మార్చి, రిచ్‌మండ్ ప్యాలెస్. చివరి రోజుల్లో ఉన్న ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్ మంచం ఎక్కనని దిండ్ల మీదే కూర్చుంది. ఆమె మంత్రి రాబర్ట్ సెసిల్ ‘మీరు పడుకోవాలి’ అంటే, ‘చిన్నవాడా, చిన్నవాడా, ఏలినవారితో ____ అనే మాట వాడరు’ అందట. ఇంగ్లీషు ‘మస్ట్’కి ఆ ఖాళీలో మాస్టారు ఏం పెట్టారో గుర్తురావడం లేదు. ‘వాలి’ మాత్రం కాదు.

— ఎలా అవుతుంది? ఇంగ్లీషు ‘మస్ట్’ విడి మాట, మన ‘ఆలి’ ఉత్త తోక. ‘తప్పదు’ అని ఉంటారు.

— ‘తప్పదు’లో విధి ఉంది, గద్దింపు లేదు. ‘మీ నాన్న బతికుంటే ఆ మాట అనే సాహసం చేసేవాడు కాదు’ అని కూడా అందంటారు. రాణిని 40 ఏళ్లు కొలిచిన ఆ నాన్న, బర్లీ ప్రభువు కూడా అననంత మాట కావాలి అక్కడ.

— చేయవలెను, చేయవలె, చేయాలె. మా కరీంనగర్ దిక్కు ‘పండుకోవాలె’ అనే అంటం. అందులో ‘వల’ వలపులోని వలే. సెసిల్ మావోడైతే రాణికి కోపమే రాకపోవు.

— వలపు దాకా ఎందుకండీ. ‘తమరు చిత్తగించవలెను’. కొలువులో ‘వలెను’ విన్నపం, ఆజ్ఞ కాదు.

— విన్నపమంటే తిక్కనదే. మనుమసిద్ధి మంత్రి కదా, ప్రభువుకి ఎలా చెప్పాలో తెలుసు. భారతంలో కౌరవ సభలో కృష్ణుడు చెప్పే ‘సారపు ధర్మమున్’ పద్యమంతా వెతకండి, ఒక్క ‘వలె’ దొరకదు. ‘దక్షులెవ్వార లుపేక్ష సేసిరి’, అంటే ఆపగలిగీ ఊరుకున్నవాళ్లకే చేటు అని, పక్కనుంచి పొడిచాడంతే.

— మన దక్షుడు సెసిల్ ఉపేక్ష చేయలేదు లెండి. 1601 నుంచే, రాణి తర్వాత గద్దెనెక్కిన స్కాట్లండ్ రాజు జేమ్స్‌తో గుట్టుగా ఉత్తరాలు నడిపాడు, పేర్లకు బదులు అంకెలతో: రాణి 24, జేమ్స్ 30, తను 10. అదే వారసత్వం పార్లమెంటులో ఎత్తబోయిన సభ్యుడు వెంట్‌వర్త్ 1593లో లండన్ టవర్ జైలు పాలై అక్కడే పోయాడు.

— అసలు ‘చిన్నవాడా’ తప్పు. సెసిల్‌కి అప్పటికి 39 ఏళ్లు. పొట్టి, గూని. రాణి పిగ్మీ అని పిలిచిన మనిషి. ‘పొట్టివాడా’ అనాలి.

— ‘అనాలి’ అనేశారు!

— ‘పడుకోవలసిందే’ అన్నారేమో మాస్టారు. ‘ఏలినవారితో వలసిందే అనే మాట...’ అబ్బే, ఇదీ అతకడం లేదు.