మూడు టాస్కులు, వరుస మన ఇష్టం: ముందు ఏది చేయాలి?

గోదారి గట్టు
‘ది అమేజింగ్ రేస్’ అంటే జంటలు దేశాలు తిరుగుతూ, టాస్కులు చేస్తూ పోటీపడే అమెరికా టీవీ షో. దాని 34వ సీజన్ (2022) మొదటి లెగ్ (అంటే మొదటి అంచె) మ్యూనిక్‌లో. మూడు టాస్కులు ఏ వరుసలోనైనా చేసుకోవచ్చు, దాన్నే ‘స్క్రాంబుల్’ అన్నారు. నిన్న ఇంట్లో మళ్ళీ చూస్తుంటే మా తమ్ముడికీ నాకూ పెద్ద వాదన. కష్టమైనది ముందు తెగ్గొట్టేయాలని వాడి మాట. నేను ఒప్పుకోను. మూడూ ఎలాగూ చేయాల్సిందే, టాస్కుకి పట్టే టైమ్ ఎప్పుడు చేసినా పట్టేదే. వరుసతో మారేవి దారి, క్యూ, ఒంట్లో ఓపిక. అందుకే ఖాళీగా ఉన్నచోటికి ముందు పోవాలంటాను. పన్నెండు జంటల్లో ఎనిమిది ఒకచోటే దిగితే మిగతా రెండుచోట్లా సందడే ఉండదు కదా.

ఎంసెట్ బ్యాచ్
అన్నా, నేనైతే తేలికది ముందు. ఎంసెట్‌లో 160 ప్రశ్నలు, మూడు గంటలు. మా సార్లందరిదీ ఒకటే మాట: వచ్చినవి ముందు పెట్టేయ్. ఒకటి అయిపోతే వచ్చే ధైర్యం వేరు. మొదటి టాస్కులోనే ఇరుక్కుంటే జంట మధ్య చిరాకులు మొదలవుతాయి, ఆ టెన్షన్ రోజంతా వదలదు.

గోదారి గట్టు
ఎంసెట్‌లో రానిది వదిలేసి రావచ్చు తమ్ముడూ. ఇక్కడ వదలడానికి లేదు, ఆ తేడాతోనే లెక్క మారిపోతుంది. ధైర్యం సంగతి మాత్రం నిజమే.

పాత సీజన్ల పిచ్చి
మీ ఇద్దరూ వదిలేసింది ఒకటుంది: అదృష్టం మీద నడిచే టాస్కు. 6వ సీజన్‌లో స్వీడన్ పొలం గుర్తుందా? 270 గడ్డి చుట్టలు, ముందుకు పోవడానికి కావాల్సిన క్లూలున్నవి ఇరవై. లీనా, క్రిస్టీ అక్కచెల్లెళ్ళలో ఒకరే విప్పాలి, రెండోవారు పక్కన నిలబడి చూడాలి. ఒక్కో చుట్టనీ దొర్లించుకుంటూ, గడ్డి పొరలు చేతులతో లాగుతూ ఎనిమిది గంటలకు పైగా, వందకు పైగా విప్పారు. ఎప్పుడూ లెగ్ చివర మ్యాట్ దగ్గర ఎదురుచూసే షో హోస్ట్ ఫిల్ కియోగన్ చివరికి పొలంలోకే వచ్చి ఆట అయిపోయిందని చెప్పాడు. ఇప్పటికీ చూడలేను ఆ సీన్. వరుస చేతిలో ఉంటే ఇలాంటిది పొద్దున్నే, వెలుతురూ ఓపికా ఉండగానే మొదలుపెట్టాలి. అలసిపోయిన చేతులు సగం విప్పి, ఇందులో లేదులే అని వదిలేస్తాయి.

జ్ఞాపకం మీద ఆధారపడినవీ అంతే. 18వ సీజన్‌లో చైనాలో రుచి చూసిన టీని కోల్‌కతాలో వందల కప్పుల్లోంచి పట్టుకోమన్నారు. మధ్యలో ఎంత టైమ్ గడిస్తే నాలుక అంత మర్చిపోతుంది. అక్కడ వరుస వాళ్ళ చేతిలో లేదు, ఉన్నచోట మాత్రం ఆలస్యం చేయకూడదు.

గోదారి గట్టు
జ్ఞాపకం మాట ఒప్పుకున్నాను, అది నాకు తట్టలేదు. కానీ గడ్డి పొలానికి పొద్దున్నే పోవడానికి మీరు చెప్పని కారణం ఇంకోటుంది: ఆలస్యంగా పోతే ముందువాళ్ళు క్లూలు పట్టుకుపోయి ఉంటారు.

పాత సీజన్ల పిచ్చి
లేదండీ, వాళ్ళు ఖాళీ చుట్టలు కూడా విప్పేసి పోతారుగా. క్లూలు తగ్గినట్టే వెతకాల్సినవీ తగ్గుతాయి. సగటున చూస్తే ముందు పోయినా వెనక పోయినా ఒక్కో చుట్టలో దొరికే అవకాశం ఒకటే. నేను పొద్దున్నే అన్నది వెలుతురు కోసం, చేతుల కోసం.