సియాటిల్‌లో పాత మోటార్ యాట్ కొనాలి, 64 వేలు సరైన ధరేనా?

రెంటన్ నుంచి, కొత్త సభ్యుడు:

అందరికీ నమస్కారం. ఈ మధ్యే హైదరాబాద్ నుంచి బదిలీ మీద వచ్చాను, హెచ్1బి. పుట్టి పెరిగింది వైజాగ్‌లో, పడవలంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. లేక్ యూనియన్‌లో 1988 బేలైనర్ 3888 ఒకటి చూశాం. రెండు హీనో డీజిల్ ఇంజన్లు, మీటరు మీద 1,900 గంటలు. బ్రోకర్ 64,000 డాలర్లు చెప్తున్నాడు, ఇంకో ఇద్దరు చూసి వెళ్లారని కూడా అంటున్నాడు. ఆన్‌లైన్‌లో ఇదే మోడల్ 40 వేల లోపు నుంచి 80 వేలు దాటి కనిపిస్తోంది. వేసవిలో పిల్లలతో శాన్ వాన్ దీవులకు వెళ్లాలని ఆశ. ఏది సరైన ధరో ఎలా తేల్చుకోవాలి? కార్లకు ఉన్నట్టు బోట్లకు ధరల పుస్తకం ఏమైనా ఉందా?

ఎవరెట్ నుంచి, పాత సభ్యుడు:

తమ్ముడూ, పుస్తకాలు ఉన్నాయి. బక్ బుక్ ఒకటి, ఒకప్పుడు నాడా పేరుతో వచ్చి ఇప్పుడు జె.డి. పవర్ పేరుతో వచ్చేది ఇంకొకటి. లోన్ ఇచ్చేవాళ్లు వాటిని చూస్తారు. కానీ ముప్పై ఐదేళ్ల బోటుకి వాటిని నమ్ముకుని బేరం ఆడలేవు. ఒకే ఏడాది ఒకే మోడల్‌లో రెండు బోట్లు పక్కపక్కన ఉంటే, ఒకదానికి డెక్ పొడిగా ఉంటుంది, రెండోదానికి కిటికీల కింద చెక్క పుచ్చిపోయి ఉంటుంది. పుస్తకానికి రెండూ ఒకటే.

నువ్వు ఆన్‌లైన్‌లో చూసేవన్నీ అడిగే ధరలు. నీకు కావలసింది అమ్ముడుపోయిన ధరలు. బ్రోకర్లకు యాట్‌వరల్డ్ అనే బోట్ల అమ్మకం సైటు వెనకాల సోల్డ్‌బోట్స్ అని ఒక డేటాబేస్ ఉంటుంది, మనకు కనిపించదు. అందులో మొదట పెట్టిన ధర, చివరికి పోయిన ధర, ఎన్ని రోజులు అమ్మకంలో ఉందో ఉంటాయి. నీ బ్రోకర్‌ని సూటిగా అడుగు: గత రెండేళ్లలో వాషింగ్టన్, ఒరెగాన్, బ్రిటిష్ కొలంబియాల్లో డీజిల్ 3888లు ఎంతకు పోయాయో చూపించమను. ఫ్లోరిడాలో పోయిన ధర ఇక్కడ పనికిరాదు. అక్కడి నుంచి లారీ మీద తేవాలంటే ఫ్లైబ్రిడ్జి, అంటే పైన ఉండే నడిపే చోటు, విప్పాల్సి రావచ్చు, ఆ ఖర్చుతో ఇక్కడే ఇంకొంచెం మంచి బోటు వస్తుంది. చూపించడానికి వెనకాడితే వేరే బ్రోకర్‌ని పెట్టుకో. కమిషన్ మామూలుగా పది శాతం, అది అమ్మేవాడి డబ్బులోంచే పోతుంది, నీ బ్రోకర్ వాటా కూడా అందులోంచే వస్తుంది.

ఇంకో మాట. ఈ బేలైనర్లు మన పక్కనే ఆర్లింగ్టన్‌లో తయారైనవి. అందుకే ఇక్కడ చాలా దొరుకుతాయి. ఎక్కువ దొరికేదానికి తొందరపడక్కర్లేదు. ఆ ఇద్దరు కొనుక్కుంటే కొనుక్కోనీ, ఇంకోటి వస్తుంది.

కర్క్‌లాండ్ నుంచి:

అసలు కొనడం ఎందుకండీ? ముందు ఒక వేసవి అనకోర్టెస్‌లోనో బెల్లింగ్‌హామ్‌లోనో చార్టర్, అంటే బోటు అద్దెకు, తీసుకుని వారం తిరగండి. పిల్లలకు కెరటాలు పడతాయో లేదో తెలుస్తుంది. మేము అదే చేస్తున్నాం. స్లిప్, అంటే బోటు కట్టుకునే చోటు, దాని గొడవ లేదు, ఇన్సూరెన్స్ గొడవ లేదు, శీతాకాలంలో వానలో వెళ్లి, అడుగున చేరిన నీళ్లు తోడే బిల్జి పంపు చూసుకునే పని లేదు. 38 అడుగుల బోటుకి సియాటిల్‌లో స్లిప్ అద్దె అడుగుకి నెలకు 15, 20 డాలర్లు దాటడం మామూలే. అదే డబ్బుతో ఏటా ఎంచక్కా కొత్త బోటు తిప్పొచ్చు.

ఎవరెట్ నుంచి:

కొనాలా వద్దా అని అతను అడగలేదు కదండీ. ధర అడిగాడు.

టకోమా నుంచి, మెరైన్ డీజిల్ పనిలో ఉన్నాను:

తమ్మీ, ఇంజన్ గురించి నేను చెప్త, మంచిగ ఇను. 1,900 గంటలంటే డీజిల్‌కు పెద్ద ముచ్చటే కాదు. అదే పెట్రోల్ ఇంజనైతే 1,500 దాటినంక అనుమానంగనే చూడాలె. కానీ ముప్పై ఐదేండ్లల్ల 1,900 గంటలంటే, మధ్యల ఏండ్లకేండ్లు కట్టేసి ఉంచిండ్రన్నట్టు. నడిచిన ఇంజన్ కన్నా ఊకె నిలబడ్డ ఇంజనే ఎక్కువ పాడైతది. సముద్రం నీళ్లు తిరిగే భాగాలు, అంటే హీట్ ఎక్స్‌ఛేంజర్లు, ఎగ్జాస్ట్ ఎల్బోలు (పొగ గొట్టం వంపులు), లోపలినుంచి తినుకుంట పోతయి.

సీ ట్రయల్ నాడు, అంటే నీళ్లల్ల నడిపి చూసే నాడు, నువ్వు పొయ్యేసరికి ఇంజన్ సల్లగుండాలె. చెయ్యి పెట్టి చూడు. ముందే వేడి చేసి పెట్టిండ్రంటే వాపసు రా, ఇంకో రోజు పెట్టుమను. సల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడే నిజం బయటపడతది. నీలం పొగ ఆగకుంట వస్తే ఆయిల్ కాలుతున్నది. నల్ల పొగైతే గాలి సాలక, లేకుంటే లోడ్ ఎక్కువై. తెల్ల పొగ వేడెక్కినా పోకపోతే ఇంజెక్టర్లు, కంప్రెషన్ చూడాలె. అటెన్క నీళ్లల్లకి పోయి పూర్తి థ్రాటిల్ ఇచ్చి, కంపెనీ చెప్పిన ఆర్‌పీఎం అందుకుంటదా, అక్కడ కొద్దిసేపు ఉంచితే టెంపరేచర్ నిలుస్తదా చూడుమను. రెండింటి నుంచి ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కు పంపు, ఖర్చు తక్కువ. సోడియం ఎక్కువ కనపడితే సముద్రం నీళ్లో కూలెంటో లోపలికి వస్తున్నదేమో చూడాలె. ఇనుము ఎక్కువుంటే అరుగుతున్నట్టు. బోటును పరీక్షించే మాములు సర్వేయర్ ఇంజన్ లోపలికి పోడు, దానికి వేరే మెకానిక్‌ను పెట్టుకోవాలె.

హీనోలు గట్టి ఇంజన్లు, లారీల నుంచి వచ్చినయి. కానీ సముద్రం వైపు పార్టులు అంత సులువుగ దొరకవు. అది ధరల తగ్గించుకోవాలె.

బాలార్డ్ నుంచి:

అసలు సంగతి ఎవరూ అడగలేదు. ఆ స్లిప్ బోటుతో పాటు వస్తుందా?

మా సంగతి చెప్తాను, ఇది తెలిస్తే ఇంకొకరైనా బయటపడతారు. మేం కొన్నప్పుడు మెరీనా ఆఫీసుకి వెళ్లి ముందే అడిగాం. కౌంటర్‌లో ఆవిడ నవ్వుతూ "ఏం పర్లేదు, కొత్త ఓనర్ పేరు మీద రాసుకుంటాం" అంది. ఆ మాట మీదే ధర ఒప్పుకున్నాం, ఎందుకంటే సియాటిల్‌లో 40 అడుగుల స్లిప్‌కి ఉండే వెయిటింగ్ లిస్టులు మీకు తెలుసు. డబ్బు కట్టి, కాగితాలు తీసుకుని వెళ్తే మేనేజర్ వచ్చి, స్లిప్ ఓనర్‌ది, బోటుది కాదు, పాలసీ ప్రకారం బదిలీ ఉండదు అన్నాడు. ఆవిడ అలా చెప్పింది కదా అంటే, రాసి ఇచ్చిందా అని అడిగాడు. గెస్ట్ రేటు మీద ఉండమన్నాడు, అది రోజుకి అడుగు లెక్కన. దానికి కూడా ఇన్సూరెన్స్ కావాలి, అందులో మెరీనా పేరు చేర్చాలి. ఇన్సూరెన్స్ వాళ్లేమో బోటు పాతది కాబట్టి నీళ్లలోంచి ఎత్తి చేసిన సర్వే కావాలన్నారు. మా సర్వే నీళ్లలో ఉండగా చేసినది, చెల్లదన్నారు. బోట్‌యార్డ్‌లో లిఫ్ట్ ఖాళీ లేదు. ఇన్సూరెన్స్ లేకుండా మెరీనా ఉండనివ్వదు, సర్వే లేకుండా ఇన్సూరెన్స్ రాదు, కదిలించాలంటే ఇన్సూరెన్స్ కావాలి. మా ఆవిడ రోజూ ఆఫీసు నుంచి ఫోన్లు చేసేది, ఒక్కరూ తిరిగి చేయలేదు. ఆఖరికి ఎవరెట్‌లో ఒక చోటు దొరికి అక్కడికి తెచ్చుకున్నాం. ఆ పోయిన డబ్బు బేరంలో తగ్గించుకున్నదంతా మింగేసింది.

అందుకని: స్లిప్ రాతపూర్వకంగా వస్తే ఆ బోటుకి ఒక ధర, రాకపోతే ఇంకో ధర. ఇన్సూరెన్స్ కోట్ ముందే తెచ్చుకోండి.

లేక్ యూనియన్ పాతకాపు:

బాలార్డ్ గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను ఇంకో మాట కలుపుతాను. ఈ బోటు మంచినీళ్ల సరస్సులో ఉంది, లాక్స్ లోపల, అంటే సముద్రానికీ సరస్సుకీ మధ్య ఉన్న నీటి తలుపుల ఇవతల. ఉప్పు నీళ్లలో ఉన్నదాని కన్నా దీనికి ధర ఎక్కువ పలకడం న్యాయమే. లోహాన్ని తుప్పు తక్కువ తింటుంది, అడుగున నత్తగుల్లలు పట్టవు.

ఎవరెట్ నుంచి:

అన్నగారూ, ఇక్కడ నేను ఒప్పుకోను. బోటుని కుళ్లబెట్టేది మంచినీళ్లే, అంటే మన వాన. ఉప్పు నీళ్లు చెక్కని కొంత కాపాడతాయి. సియాటిల్ వానలో పైన కప్పు లేకుండా ఇన్నేళ్లు నిలబెట్టిన బోటు సరస్సులో ఉంటేనేం, సముద్రంలో ఉంటేనేం? కప్పు కింద ఉన్న బోటుకైతే ఎక్కువ ఇస్తాను. సరస్సు అని చెప్పి అయిదు వేలు ఎక్కువ అడిగితే ఇవ్వను.

లేక్ యూనియన్ పాతకాపు:

మీరు డెక్ గురించి చెప్తున్నారు, నేను షాఫ్టులు, బోటు అడుగులోంచి నీళ్లు వెళ్లే త్రూ-హల్ ఫిట్టింగుల గురించి చెప్తున్నాను. రెండూ చూడాలి. అందుకే సర్వేయర్. సామ్స్ లేదా నామ్స్ అనే సర్వేయర్ల సంఘాల గుర్తింపు ఉన్నవాణ్ణి మీరే ఎంచుకోండి, బ్రోకర్ ఇచ్చిన పేరు వద్దు. అడుగుకి 25 నుంచి 35 డాలర్ల దాకా తీసుకుంటారు, లిఫ్ట్ ఖర్చు వేరే, రెండూ కొనేవాడివే. సర్వేయర్ ప్లాస్టిక్ సుత్తితో డెక్ అంతా కొట్టుకుంటూ పోతాడు, టంగుమంటే గట్టిది, బొద్దుగా మోగితే లోపల తడి. మీరు పక్కనే ఉండి వినండి. రిపోర్టులో రాయనివి కూడా ఆయన నోటితో చెప్తాడు.

కానీ రిపోర్టు చివర రాసే మార్కెట్ విలువని ధరకి రుజువుగా తీసుకోవద్దు. చాలాసార్లు అది ఒప్పుకున్న ధరకి దగ్గరగానే వస్తుంది. అది ఇన్సూరెన్స్ కోసం, బ్యాంకు కోసం రాసే అంకె.

పేరు మీద రాయించుకునేటప్పుడు కోస్ట్ గార్డ్ డాక్యుమెంటేషన్ (కేంద్రం దగ్గర రిజిస్ట్రేషన్) చేయించేయండి, హాయి.

బాలార్డ్ నుంచి:

ఆయన హెచ్1బి అన్నారు కదండీ! కోస్ట్ గార్డ్ డాక్యుమెంటేషన్ అమెరికా పౌరులకే. గ్రీన్ కార్డ్ ఉన్నా కుదరదు. ఈ బోటు ఇప్పటికే డాక్యుమెంట్ అయి ఉంటే అమ్మేవాడి చేత ముందు ఆ రికార్డు తీయించి, వాషింగ్టన్ స్టేట్ టైటిల్ తీసుకోవాలి. బోటు లోన్ ఇచ్చేవాళ్లలో చాలామంది డాక్యుమెంటేషన్ అడుగుతారు, కాబట్టి డబ్బు ఎక్కడిదో కూడా ముందే చూసుకోవాలి. డాక్యుమెంట్ అయిన బోటుకి అబ్‌స్ట్రాక్ట్ ఆఫ్ టైటిల్, అంటే యాజమాన్య చరిత్ర కాగితం, తెప్పించండి, తనఖాలు ఉంటే అందులో కనపడతాయి. యార్డుకో మెరీనాకో కట్టని బాకీ బోటు మీదే ఉంటుంది, ఓనర్ మారినా పోదు. రికార్డులో లేకపోయినా పోదు.

లేక్ యూనియన్ పాతకాపు:

నిజమే, వీసా సంగతి నేను గమనించలేదు. బాలార్డ్ గారు చెప్పినట్టే చేయండి.

రెంటన్ నుంచి:

అందరికీ ధన్యవాదాలు. ఇంత ఉందని తెలియదు. సరే, అమ్ముడుపోయిన ధరలు 48, 52, 55 వేలు అని వచ్చాయనుకోండి. సర్వేలో 9 వేల పని తేలిందనుకోండి. 52 లోంచి 9 తీసేసి 43 అడగాలా? ఏటా పది శాతం నిర్వహణ ఖర్చు అని ఎక్కడో చదివాను, అది కూడా లెక్కలోకి వస్తుందా?

టకోమా నుంచి:

పది శాతం ముచ్చట పాత బోట్లకు నడువది. 50 వేలకు కొన్న బోటుకు ఏటా 5 వేలంటవ్, కానీ యార్డోడు నీ కొన్న ధర చూసి బిల్లు వెయ్యడు, 38 అడుగులు, రెండు ఇంజన్లు చూసి వేస్తడు. స్లిప్, ఇన్సూరెన్స్ కలిపితెనే అది దాటుతది.

ఎవరెట్ నుంచి:

మొత్తం తీసేయకు తమ్ముడూ. 52 వేలకు పోయిన ఆ బోటు కూడా పాతదే, దానికీ ఏదో పని ఉండే ఉంటుంది. ఆ వయసుకి మామూలుగా ఉండేవి, అంటే పాత పరుపులు, వెలిసిన జెల్‌కోట్ (పై పూత), పాత రాడార్, ధరలోనే కలిసిపోయి ఉంటాయి. వాటి మీద బేరం ఆడితే అమ్మేవాడు చికాకు పడతాడు, అసలు దాని దగ్గర వినడు. నువ్వు చూసినప్పుడు కనపడనివీ, ప్రమాదం ఉన్నవీ పట్టుకో: కారుతున్న ఇంధన ట్యాంకు, తడిసిన డెక్, పాడైన ఎగ్జాస్ట్, మూతపడని సీకాక్ (నీళ్లు ఆపే వాల్వు). వాటికి యార్డు నుంచి రాసిన అంచనా తెచ్చి ముందు పెట్టు. ఆ 9 వేలలో 6 వేలు అలాంటివైతే, 46 చుట్టూ న్యాయంగా ఉంటుంది. స్లిప్ రాతలో వస్తే 50 అయినా ఇస్తాను.

పైన టాక్స్ ఉంది. రిజిస్ట్రేషన్ చేసేటప్పుడు యూజ్ టాక్స్ (అమ్మకం పన్ను లాంటిది) పదిశాతం చుట్టుపక్కల పడుతుంది. ఏటా విలువలో అర శాతం ఎక్సైజ్ టాక్స్, వాషింగ్టన్ రిజిస్ట్రేషన్ జూన్ 30తో అయిపోతుంది. 46కి కొంటే చేతిలోంచి 51 దాకా వెళ్తుందని ఇప్పుడే రాసుకో. 1955 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు బోటర్ కార్డు కావాలి, అది ఆన్‌లైన్‌లో అయిపోతుంది.

బాలార్డ్ నుంచి:

ఆఫర్ కాగితంలో నాలుగు షరతులు రాయించండి: సర్వే, సీ ట్రయల్, ఇన్సూరెన్స్, స్లిప్. పది శాతం డిపాజిట్ బ్రోకర్ ట్రస్టు ఖాతాలో ఉంటుంది. ఒప్పుకుంటున్నామా లేదా అని రాసి ఇవ్వాల్సిన తారీఖు ఉంటుంది, దాన్ని దాటనివ్వకండి, దాటితే ఆ డిపాజిట్ తిరిగి రావడం మీద గొడవ మొదలవుతుంది. సర్వేకి యార్డులో లిఫ్ట్ దొరికేదాన్ని బట్టి ఆ తారీఖు పెట్టించండి.

రెంటన్ నుంచి:

రేపు బ్రోకర్‌కి రాస్తున్నాను. అమ్ముడుపోయిన ధరలు అడుగుతాను, స్లిప్ సంగతి మెరీనా నుంచి ఈమెయిల్‌లో అడుగుతాను. సర్వేయర్ పేర్లు ఎవరైనా విడిగా పంపగలరా?

టకోమా నుంచి:

పంపిన. సర్వే నాడు ఖాళీగుంటే నేను కూడ వస్త, ఇంజన్ రూంల లైట్ పట్టుకునెటోడు ఒకడుండాలె.