పాట చివరి కార్డును ‘ముక్తాయింపు’ అనొచ్చా?

ప్రశ్న:

సంగీతం తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి. 1950ల నాటి రాక్ అండ్ రోల్ పాటలు చాలావాటిలో చివర గిటారు మీద ఒక్క మీటు మీటి ఆపేస్తారు. పాటంతా వినిపించిన మామూలు కార్డు (chord, కొన్ని స్వరాల్ని ఒకేసారి మోగిస్తే వచ్చేది) కాదది, కొంచెం తియ్యగా, కొంచెం కొంటెగా ఉంటుంది. దాని గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. ‘ముగింపు కార్డు’ అని రాస్తే ఏటీఎం కార్డు గడువు అయిపోయినట్టుంది. ‘ముక్తాయింపు’ అనొచ్చా, లేక ‘న్యాసం’ అనాలా? ఇంకో సందేహం, వాటిని సిక్స్త్ అనీ నైన్త్ అనీ అంటారు, స్వరాలు ఏడే కదా, తొమ్మిదోది ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?

జవాబు:

నా ఓటు ముక్తాయింపుకే. మృదంగంలోనూ కూచిపూడి జతుల్లోనూ ఒక వరుసను ముగించే ఘట్టానికి ఆ మాట ఎలాగూ ఉంది, పైగా సంగీతంతో సంబంధం లేనివాళ్లు కూడా ‘నవ్వుతూ ముక్తాయించాడు’ అంటారు, అంటే ఊరికే ఆపడం కాదు, ఒక విసురుతో ఆపడం. మీరు చెప్పే కార్డు చేసే పని సరిగ్గా అదే. ఎవరైనా ‘వర్ణంలో ముక్తాయి స్వరం అనుపల్లవి తర్వాత వస్తుంది, చివర్లో రాదు కదా’ అని పట్టుకోవచ్చు. నిజమే, కానీ అక్కడా అది వర్ణం మొదటి సగాన్ని ముగిస్తుంది, కాబట్టి అర్థం చెడదు. న్యాసం మాత్రం వద్దు. అది రాగంలో సంచారం వచ్చి కుదురుకునే స్వరం. ఈ కార్డుల గొడవేమిటంటే అవి కుదురుకోవు, అందుకే కదా మీ చెవికి కొంటెగా తగిలింది.

ఇక అంకెల సంగతి. మామూలు మేజర్ కార్డు అంటే స, గ, ప, అంతే (గ అంటే అంతర గాంధారం, గాంధారాల్లో పైది). ఒక స్వరం వదిలి ఒక స్వరం పట్టుకుంటూ ఇంకా పైకి వెళ్తే ని వస్తుంది, అది ఏడు. ఇంకోటి వదిలితే పై స్థాయి రి, దాన్ని కింద ఉన్నప్పటి రెండుగా కాకుండా స, రి, గ, మ, ప, ద, ని, స, రి అని లెక్కపెడితే తొమ్మిది. అంతే రహస్యం, కొత్త స్వరమేమీ లేదు, తారస్థాయి రిషభమే. నైన్త్ కార్డు అంటే స, గ, ప, ని, రి, ఇందులో ని కైశికి నిషాదం, అంటే కాకలి నిషాదం కన్నా ఒక మెట్టు కిందిది. సిక్స్త్ మాత్రం ఈ వరుసలో పుట్టలేదు, స, గ, ప పక్కన చతుశ్రుతి ధైవతాన్ని (శుద్ధ ధైవతం కన్నా ఒక మెట్టు పైది) తెచ్చి కూర్చోబెట్టారు. రెండూ కలిపి ని లేకుండా వాయిస్తే సిక్స్ నైన్ అంటారు. కాగితం మీద 6/9 అని రాస్తారు కాబట్టి దాన్ని ‘ఆరు బై తొమ్మిది’ అని చదివి భిన్నం అనుకునేవాళ్లున్నారు, మీ వ్యాసంలో దయచేసి అక్షరాల్లో రాయండి.

ఇప్పుడు అసలు విషయం, ఇవి రాక్ అండ్ రోల్ వాళ్లు కనిపెట్టినవి కావు. 1930, 40లలో అమెరికాలో స్వింగ్ బ్యాండ్లు (జాజ్ డాన్సు సంగీతం వాయించే పెద్ద బృందాలు) పాటను సిక్స్త్ మీద ముగించడం మామూలు విషయం. అదే కాలంలో టెక్సాస్ వైపు బాబ్ విల్స్ లాంటివాళ్లు కౌబాయ్ పాటల్నీ స్వింగ్‌నీ కలిపి వాయించారు, దానికి వెస్టర్న్ స్వింగ్ అని పేరొచ్చింది, అందులో హవాయి నుంచి వచ్చిన స్టీల్ గిటారు ముఖ్యం. ఆ గిటారు తీగల్ని చాలామంది సిక్స్త్ కార్డుకే శ్రుతి చేసుకునేవారు, అంటే తీగల మీద ఇనపకడ్డీ అడ్డంగా పెట్టి మీటితే చాలు, వద్దన్నా ధైవతం మోగుతుంది. తొలి రాక్ అండ్ రోల్ బృందాల్లో ఒకటైన బిల్ హేలీ బృందం 1952 దాకా ‘శాడిల్‌మెన్’ అనే కౌబాయ్ బ్యాండే, పేరు ‘కామెట్స్’ అని మార్చుకున్నాక కూడా స్టీల్ గిటారు వదల్లేదు. 1954 ఏప్రిల్ 12న న్యూయార్క్‌లో ‘రాక్ అరౌండ్ ద క్లాక్’ రికార్డు చేసినప్పుడు లీడ్ గిటారు వాయించిన డానీ సెడ్రోన్ రెండు నెలలకే మెట్ల మీంచి పడి చనిపోయాడు, పాపం, ఆ పాట ప్రపంచమంతా మోగింది మరుసటి ఏడాది. ఆయన తర్వాత వచ్చిన ఫ్రానీ బీచర్ అంతకుముందు బెన్నీ గుడ్‌మన్ జాజ్ బృందంలో వాయించినవాడు. అలాంటి చేతులకు పాట చివర ఉత్త స, గ, ప వేసి లేవడం చప్పగా ఉంటుంది, వేళ్లు వాటంతటవే ఇంకో స్వరం వెతుక్కుంటాయి.

నైన్త్ దారి వేరు, అది బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ల పాటల సంప్రదాయం) వాసన. యూరప్ సంప్రదాయంలో ఆ కైశికి నిషాదం ఉన్న కార్డు ఎక్కడికో వెళ్లాలని తొందరపెడుతుంది, వెళ్లేదాకా చెవికి స్థిమితం ఉండదు. బ్లూస్ వాళ్లు దాన్నే ఇల్లు అనుకుని అక్కడే ఆగిపోయారు. చాలాసార్లు సరిగ్గా ఆ కార్డునే ఒక ఫ్రెట్ (గిటారు మెడ మీది మెట్టు) పైన పట్టి కిందికి జార్చి ఆపుతారు, మీరు తప్పకుండా విని ఉంటారు.

మరొకరు:

అంతా బాగుంది కానీ మన చెవికి ఇది ఎలా చెప్పాలి? వ్యాసం చదివేవాడికి కైశికి నిషాదం తెలిస్తే నైన్త్ తెలియదు, నైన్త్ తెలిస్తే నిషాదం తెలియదు.

జవాబు:

సిక్స్ నైన్‌కి ఒక దారుంది, వ్యాసంలో వాడుకోండి. అందులో స్వరాలు స, రి, గ, ప, ద. రి, ద రెండూ చతుశ్రుతి, గ అంతరం. ఇవి సాక్షాత్తూ మోహన స్వరాలు, ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. ‘వరవీణ’ గీతం నేర్చుకున్న ఏ పిల్లకైనా, ‘మాయాబజార్’లో ‘లాహిరి లాహిరి’ విన్న ఏ తాతకైనా ఆ అయిదూ తెలుసు. ఆ సినిమా వచ్చింది 1957లో, అక్కడ అమెరికాలో కుర్రాళ్లు రాక్ అండ్ రోల్ ఊపులో ఉన్న రోజులు. ఒకరికొకరు సంబంధం లేదు, ఒకరి నుంచి ఇంకొకరు తీసుకున్నదీ లేదు, మనవాళ్లు ఆ అయిదింటినీ ఒకదాని తర్వాత ఒకటిగా పడవలో తేల్చారు, వాళ్లు అయిదింటినీ ఒకేసారి మీటి పాట ఆపేశారు.

ఇంకొకరు:

అయ్యా, స్వరాలు కలిసినంత మాత్రాన మోహన అయిపోదు. గమకం లేదు, సంచారం లేదు. ఇలా రాస్తే రేపు ప్రతివాడూ గిటారు పట్టుకుని మోహన వాయించానంటాడు.

జవాబు:

ఒప్పుకుంటానండీ, రాగం అని నేనూ అనలేదు, స్వరాలు అన్నాను. త్యాగరాజు ‘నను పాలింప’లో మోహన ఎక్కడుందో ఆ కార్డులో అక్కడ లేదు. అసలు కార్డులో ఇంకో ఇబ్బంది కూడా ఉంది, కింద మోగే స్వరం మారితే పేరే మారిపోతుంది. సి సిక్స్త్‌లో ఉన్న నాలుగు స్వరాలే ఎ (A) మైనర్ సెవెన్త్‌లోనూ ఉంటాయి, బేస్ గిటారు ధైవతం మీదికి వెళ్తే పాట ఒక్కసారిగా దిగులు పడుతుంది. ఇది మీకు కొత్త కాదు, గ్రహభేదం. మోహనలో ధైవతాన్ని షడ్జమం చేస్తే శుద్ధ ధన్యాసి రాదూ, ఇదీ అంతే. కానీ గిటారు తెలియని తెలుగువాడికి ఆ చివరి మీటు ఎందుకు తియ్యగా ఉందో చెప్పాలంటే దీనికన్నా దగ్గరి దారి నాకు కనబడలేదు.

తీపి గురించే ఇంకో మాట. 1963 జులై 1న లండన్‌లో బీటిల్స్ ‘షి లవ్స్ యూ’ రికార్డు చేసినప్పుడు చివరి ‘యే’ మీద ముగ్గురి గొంతులు కలిసి సిక్స్త్ కార్డు అవుతాయి, అందులో ఆ ఆరో స్వరం పాడింది జార్జ్ హారిసన్. ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్ ఇది పాతబడిపోయిన పద్ధతి, గ్లెన్ మిల్లర్ బ్యాండ్‌లా ఉంది అని పెదవి విరిచాడు. కుర్రాళ్లు వినలేదు, అలాగే ఉంచారు. చూడండి, పెద్దాయనకు అది ఇరవై ఏళ్ల నాటి స్వింగ్ వాసన, కుర్రాళ్లకు మాత్రం వినడానికి బాగున్న శబ్దం. నా మటుకు నాకు కుర్రాళ్లే రైటు. ఆ తర్వాత్తర్వాత పాటకు ముగింపు లేకుండా శబ్దాన్ని మెల్లగా తగ్గించేసే అలవాటు ముదిరింది, దాంతో ముక్తాయింపు అవసరమే లేకుండా పోయింది. నాకది బద్ధకంగానే అనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:

చాలా థాంక్స్ అండీ, ముక్తాయింపే ఖాయం చేస్తున్నాను. ఇంట్లో గిటారు ఉంది, రాసేముందు ఒకసారి వినాలని ఉంది, కష్టమా?

జవాబు:

కష్టమేం లేదు. మామూలు జి కార్డు పట్టుకుని, అన్నిటికన్నా సన్నగా ఉండే తీగ మీద వేలు తీసేయండి, జి సిక్స్త్ అయిపోయింది, బీటిల్స్ ఆగిన కార్డు అదే. సిక్స్ నైన్ కావాలంటే సన్నటి తీగను ఒకటి అనుకుని లెక్కపెట్టండి. అయిదో తీగ మూడో ఫ్రెట్, నాలుగు, మూడు తీగలు రెండో ఫ్రెట్, రెండు, ఒకటి తీగలు మూడో ఫ్రెట్, అన్నిటికన్నా లావు తీగ మాత్రం మోగకూడదు. కింది నుంచి స, గ, ద, రి, ప అని వినిపిస్తుంది. ఇప్పుడు మూడో తీగ మీద వేలిని ఒక్క ఫ్రెట్ ముందుకు జరిపితే ద కాస్తా ని అవుతుంది, అది నైన్త్. రెండూ మార్చి మార్చి వాయించి, ఏది ఏ వాసనో మీరే రాయండి. తీగలు ముందు శ్రుతి చేసుకోండి, మూలన పడి ఉన్న గిటారుకి ఏ కార్డైనా కొంటెగానే ఉంటుంది.