ఇపోకి కొత్తగా వస్తున్నాను: రాజు, సుల్తాన్, మన మీద ఎవరి చట్టం?

నమస్తే. వచ్చే నెల మలేషియాలోని ఇపోలో ఉద్యోగంలో చేరుతున్నాను. ఆఫీసువాళ్లు పంపిన సెలవుల పట్టికలో రాజుగారి పుట్టినరోజు, సుల్తాన్ పుట్టినరోజు అని రెండున్నాయి. ఇంతకీ అక్కడ రాజులు ఎంతమంది? షరియా కోర్టుల మాట విని ఇంట్లో అమ్మానాన్న టెన్షన్ పడుతున్నారు.

ఇపో నుంచి జవాబు:

తమ్ముడూ, ముందు అమ్మానాన్నకి ధైర్యం చెప్పు. షరియా కోర్టుల అధికారం ముస్లింల మీదే. మనవాళ్ల పెళ్లి, విడాకులు 1976 నాటి వేరే చట్టం కింద మామూలు సివిల్ కోర్టుల్లో తేలతాయి. ముస్లింని పెళ్లి చేసుకోవాలంటే మాత్రం మతం మారక తప్పదు. అప్పుడు కుటుంబ వ్యవహారాలు షరియా కిందికి వెళ్తాయి.

ఇక రాజుల సంగతి. 13 రాష్ట్రాల్లో తొమ్మిదింటికి వంశపారంపర్య పాలకులున్నారు. వాళ్లే తమలో ఒకరిని ఐదేళ్లకి దేశానికి రాజుగా ఎన్నుకుంటారు. 2024 జనవరి నుంచి ఆ పదవిలో ఉన్నది జొహోర్ సుల్తాన్. నీ పట్టికలో రెండో పేరు ఇపో ఉన్న మన పేరాక్ రాష్ట్ర సుల్తాన్‌ది. పెనాంగ్, మలక్కాల్లో సుల్తాన్ లేడు. మలక్కా సుల్తానుల రాజ్యం 1511లోనే పోర్చుగీసుల చేతిలో పోయింది. పెనాంగ్‌ని 1786లో ఇంగ్లీషు కంపెనీ కెడా సుల్తాన్ దగ్గర పుచ్చుకుని నేరుగా ఏలింది.

మతం సుల్తాన్ చేతిలో, మిగతా పాలన ప్రభుత్వం చేతిలో ఎందుకుందో తెలియాలంటే నువ్వు వస్తున్న ఈ పేరాక్ కథే చదవాలి. 1870ల్లో ఇక్కడ గద్దె కోసం తగాదా, తగరం గనుల దగ్గర చైనా ముఠాల కొట్లాట. రాజా అబ్దుల్లా తనని సుల్తాన్‌గా గుర్తించమని బ్రిటిష్ గవర్నర్‌ని అడిగాడు. 1874 జనవరి 20న పాంగ్‌కోర్ దగ్గర ఓడలో ఒప్పందం కుదిరింది. ఇక నుంచి సుల్తాన్ రెసిడెంట్ అనే బ్రిటిష్ అధికారి సలహా అడగాలి, అడిగి పాటించాలి. మలయ్ జాతివాళ్ల మతం, ఆచారం మాత్రం మినహాయింపు. పేరుకి సలహా, నడిచింది హుకుం.

మొదటి రెసిడెంట్ బర్చ్ పన్నుల వసూలు హక్కు పెద్దల చేతుల్లోంచి లాక్కోబోయాడు, అప్పుకి బానిసలుగా పడి ఉన్నవాళ్లని విడిపించబోయాడు. బానిసత్వం విషయంలో అతనిదే న్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. కానీ ఊళ్లో మాట చెల్లేవాళ్లందరినీ ఒక్కసారే శత్రువుల్ని చేసుకున్నాడు. 1875 నవంబర్ 2న పాసిర్ సలాక్‌లో అతని మనిషి ప్రకటనలు అంటిస్తుంటే, తను నది ఒడ్డున స్నానాల గదిలో ఉన్నాడు. అక్కడే బల్లేలతో పొడిచి చంపేశారు. ఈ హత్య చేయించిన స్థానిక పెద్ద మహారాజా లేలాని 1877లో ఉరితీశారు, అబ్దుల్లాని సీషెల్స్‌కి పంపేశారు. అయినా ఆ మినహాయింపు మాట మాత్రం పోలేదు. ఇస్లాం, మలయ్ ఆచారం ఈనాటికీ రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలోనే ఉన్నాయి.

నీకు ఆశ్చర్యం కలిగించేది ఇంకోటి. పెనాంగ్, మలక్కా, సింగపూర్ 1867 దాకా ఇండియా ప్రభుత్వం కిందే ఉండేవి. అందుకే ఇక్కడి శిక్షాస్మృతి మన పాత ఐపీసీ నుంచే పుట్టింది. హత్యకి ఇక్కడా 302, మోసానికి ఇక్కడా 420. మన దేశంలో 2024 జూలైలో ఆ నంబర్లు మారిపోయాయి, ఇక్కడ అలాగే ఉన్నాయి. కాంట్రాక్టు, సాక్ష్యాల చట్టాలూ మన 1872 నాటి వాటిని చూసి రాసుకున్నవే.

పేరాక్ దిగువ ప్రాంతం నుంచి మరో జవాబు:

బాబూ, మాది తరాల కిందట తోటల పనికి వచ్చిన కుటుంబం. అన్నయ్యగారు వదిలేసిన రెండు ముక్కలు నేను చెప్తాను. వాట్సాప్ గ్రూపుల్లో సుల్తాన్ల మీద, మతం మీద, జాతి మీద ఏదీ ఫార్వర్డ్ చేయకండి. బ్రిటిష్ కాలపు 1948 రాజద్రోహ చట్టం ఇంకా అమల్లోనే ఉంది. రెండోది భూమి. అదీ రాష్ట్రం చేతిలోదే కాబట్టి విదేశీయులు ఇల్లు కొనాలంటే రాష్ట్ర ప్రభుత్వం అనుమతి కావాలి. 1913 చట్టంతో మొదలైన మలయ్ రిజర్వు భూములైతే మనకి అమ్మడానికే వీల్లేదు. అడ్వాన్సు ఇచ్చే ముందు పట్టా కాగితాన్ని లాయరుకి చూపించండి. ఏజెంటు నోటిమాట చాలదు.